ఫ్రెంచ్ నవలాకారుడు ప్రజామేధావి ఎప్పుడు అవుతాడు?

ఫ్రాన్సులో ఒక నవలా రచయిత రాజకీయాల గురించో న్యాయస్థానాల గురించో నోరు విప్పితే దేశమంతా ఎందుకు వింటుంది, ఆ స్థానం అతనికి పుస్తకాల అమ్మకాల వల్ల వస్తుందా, బహుమతుల వల్ల వస్తుందా, లేక ఏదో ఒక పార్టీ అండ వల్ల వస్తుందా అని మీరు అడిగారు. ఫ్రెంచ్ సాహిత్యాన్ని చాలాకాలంగా చదువుతూ, విద్యార్థులకు బోధిస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: ఈ మూడూ తోడ్పడతాయి గాని వాటిలో ఏదీ చాలదు. నవలలు రాసి సంపాదించుకున్న పరపతిని ఒక రచయిత తన వృత్తికి బయట ఉన్న వ్యవహారం మీద, అదీ మనుషుల పేర్లూ ఊళ్లూ తేదీలూ ఉన్న ఒక నిర్దిష్టమైన వ్యవహారం మీద, నష్టపోతానని తెలిసి కూడా ఖర్చుపెట్టినప్పుడే అతను ప్రజామేధావి అవుతాడు. అంతవరకు అతను పేరున్న రచయిత మాత్రమే. న్యాయం గెలవాలనీ, యుద్ధం చెడ్డదనీ, పేదరికం పోవాలనీ అనేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉంటారు; వాళ్ల మాటలకు చప్పట్లు పడతాయి, మర్నాటికి ఎవరికీ గుర్తుండవు. ఫలానా అధికారి ఫలానా నేరం చేశాడు, కాదంటే నన్ను కోర్టుకు లాగండి అని అచ్చులో రాసిన రచయిత సంగతి వేరు.

ఈ దారి తొక్కిన మొదటివాడు వోల్టేర్. 1762 మార్చిలో తులూజ్ నగరంలో జాన్ కలాస్ అనే ప్రొటెస్టెంట్ వర్తకుణ్ణి, కాథలిక్ మతంలోకి మారబోతున్న సొంత కొడుకును చంపాడన్న ఆరోపణ మీద చిత్రహింసలు పెట్టి చంపారు. అప్పటికే యూరప్ అంతటా పేరున్న వోల్టేర్ మొదట ఈ వార్తను అనుమానంగానే విన్నాడు. తర్వాత కలాస్ కుటుంబంతో మాట్లాడి, కాగితాలు తెప్పించుకుని, రాజుగారి కొలువులో పలుకుబడి ఉన్న ప్రతి ఒక్కరికీ ఉత్తరాలు రాసి, 1763లో మతసహనం మీద ఒక గ్రంథమే వెలువరించి, 1765 మార్చిలో చనిపోయిన ఆ మనిషిని నిర్దోషిగా ప్రకటింపజేశాడు. ఆ తర్వాత విక్టర్ హ్యూగో ఉన్నాడు. దేశాధ్యక్షుడిగా ఉంటూ బలవంతంగా అధికారమంతా చేజిక్కించుకున్న లూయీ నెపోలియన్‌ను ఎదిరించి 1851 నుంచి 1870 దాకా ప్రవాసంలో గడిపాడు. అయితే హ్యూగో అప్పటికే చట్టసభలో కూర్చున్నవాడు, అంటే రాజకీయం అతని వృత్తిలో భాగం. మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయేది ఎమీల్ జోలా ఉదంతం. కాబట్టి దాన్ని కాస్త విడమరిచి చెబుతాను.

జోలా 1840లో ప్యారిస్‌లో పుట్టాడు, ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లో పెరిగాడు. తండ్రి ఇటలీ నుంచి వచ్చిన ఇంజనీరు. కొడుక్కి ఏడేళ్లయినా నిండని వయసులో చనిపోయాడు. ఇంట్లో పేదరికం, జోలా బకలోరియా అనే పాఠశాల చివరి పరీక్ష తప్పాడు. 1862లో అషెట్ ప్రచురణ సంస్థలో పుస్తకాల కట్టలు కట్టే విభాగంలో చిన్న ఉద్యోగిగా చేరి, కొద్దికాలంలోనే ప్రచార విభాగానికి అధిపతి అయ్యాడు. చాలా జీవితచరిత్రల్లో రెండు వాక్యాల్లో తేలిపోయే ఈ ఉద్యోగాన్ని నేను చాలా ముఖ్యమైనదిగా చూస్తాను. పత్రికలో ఏ పేజీలో ఏది పడితే జనం చదువుతారు, సంపాదకుడు దేనికి భయపడతాడు, ఒక పేరు ఎలా మారుమోగుతుంది అన్నవన్నీ జోలా అక్కడ నేర్చుకున్నాడు. 1866లో ఉద్యోగం మానేసి పత్రికా రచయిత అయ్యాడు. ఆ ఏడాదే, ప్రభుత్వ చిత్రప్రదర్శన న్యాయనిర్ణేతలు తిరస్కరించిన చిత్రకారుడు మానే చిత్రాలను సమర్థిస్తూ లెవెన్మాన్ పత్రికలో వ్యాసాలు రాశాడు. చందాదారులు మండిపడ్డారు, ఆ వ్యాసాల వరస అర్ధాంతరంగా ఆగిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాత జరగబోయే దానికి ఇది చిన్న నమూనా.

తర్వాత 1871 నుంచి 1893 వరకు రూగో-మకార్ కుటుంబ చరిత్రగా ఇరవై నవలలు రాశాడు. వాటిలో 1877లో వచ్చిన లసొమ్వార్ అతనికి డబ్బూ దుమారమూ రెండూ తెచ్చిపెట్టింది. ఆ డబ్బుతోనే మరుసటి ఏడాది మెదాన్‌లో ఇల్లు కొన్నాడు. సాహిత్యంలో డబ్బు పాత్ర గురించి 1880లో రాసిన ఒక వ్యాసంలో, పాఠకుడిచ్చే సొమ్ము రచయితను ప్రభువుల పోషణ నుంచి విడిపించిందనీ, అందుకు సిగ్గుపడనక్కర లేదనీ జోలా సూటిగా వాదించాడు. ఎవరి జీతమూ తిననివాడికే ఎవరినైనా ఎదిరించే వీలుంటుందన్న సంగతి అతనికి అనుభవపూర్వకంగా తెలుసు. నేను కింద చెప్పబోయే డ్రేఫస్ వ్యవహారం నాటికి ప్రభుత్వం అతని నుంచి లాక్కోగలిగిన కొలువు ఏదీ లేదు.

ఇంతకన్నా లోతైన సన్నద్ధత అతని రచనా పద్ధతిలో ఉంది. 1884 ఫిబ్రవరిలో ఉత్తర ఫ్రాన్సులోని అంజాన్ బొగ్గు గనుల్లో సమ్మె మొదలైనప్పుడు జోలా అక్కడికి వెళ్లాడు. గనిలోకి దిగాడు, కార్మికుల ఇళ్లలోకి వెళ్లి మంచాలూ పొయ్యిలూ ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకున్నాడు, కూలి లెక్కలు అడిగాడు, చీకట్లో బండ్లు లాగే గుర్రాలను చూశాడు. ఆ నోట్సు నుంచి 1885లో జెర్మినాల్ నవల వచ్చింది. ప్రతి నవలకూ ఇలాగే కట్టలకొద్దీ కాగితాలు పోగుచేసేవాడు. పత్రాలు చదివి, సాక్షులను విని, వాటి మధ్య కార్యకారణ సంబంధం వెతికి, ఎవరు ఏ ఉద్దేశంతో ఏం చేశారో ఒక కథగా నిలబెట్టడం అతనికి దశాబ్దాల అలవాటు. న్యాయవాదికీ పరిశోధకుడికీ ఉండే నేర్పే ఇది. దాన్ని లక్షలాది మందికి అర్థమయ్యే భాషలో చెప్పగలగడం అతనికి అదనంగా ఉన్న బలం.

ఇక అసలు వ్యవహారం. 1894 శరత్కాలంలో, ప్యారిస్‌లోని జర్మన్ రాయబార కార్యాలయం నుంచి దొరికిన ఒక చీటీ ఆధారంగా, సైనిక రహస్యాలు అమ్మాడన్న నేరం మీద కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రేఫస్ అనే యూదు అధికారిని అరెస్టు చేశారు. ప్రతివాదికి చూపించకుండా న్యాయమూర్తులకు మాత్రమే రహస్య పత్రాలు అందించి డిసెంబరులో శిక్ష వేశారు. ఫ్రెంచ్ గయానా తీరంలోని డెవిల్స్ ఐలాండ్‌కు పంపారు. 1896లో సైనిక గూఢచార విభాగానికి అధిపతిగా ఉన్న పికార్, ఆ చీటీలోని చేతిరాత ఎస్తెరాజీ అనే మరో అధికారిదని కనిపెట్టాడు. పై అధికారులు అతన్ని ట్యునీషియాకు పంపేశారు. బెర్నార్ లజార్ అనే యువ రచయిత డ్రేఫస్ నిర్దోషి అని ఆ నవంబరులోనే కరపత్రం ప్రచురించాడు గాని దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. లజార్ చెప్పిందీ ఏడాది తర్వాత జోలా చెప్పిందీ సారాంశంలో ఒకటే. సత్యం ఒకటే అయినా, పలికిన మనిషికి పరపతి ఉందా లేదా అన్నదాన్ని బట్టి లోకం దాన్ని చెవిన పెట్టడమో పెడచెవిన పెట్టడమో జరుగుతుంది; నాకు ఇది ఎప్పుడూ బాధ కలిగించే సంగతి. లజార్‌కు చరిత్రలో దక్కాల్సిన చోటు ఇంకా పూర్తిగా దక్కలేదు.

1897 నవంబరులో సెనేట్ ఉపాధ్యక్షుడు షూరర్-కెస్ట్నర్ తన దగ్గరున్న ఆధారాలను జోలాకు వివరించాడు. నవంబరు 25న ఫిగారో పత్రికలో జోలా మొదటి వ్యాసం వచ్చింది. దాని మొదటి వాక్యాలను జాగ్రత్తగా చదవాలి. ఎంతటి హృదయవిదారకమైన నాటకం, ఎంత అద్భుతమైన పాత్రలు అంటూ, జీవితం తెచ్చి ముందు పెట్టిన ఈ పత్రాలను చూసి తన నవలాకారుడి గుండె ఉప్పొంగిందని అక్కడ రాసుకున్నాడు. అంటే అతను వ్యవహారంలోకి వచ్చింది నవలాకారుడి గుమ్మం గుండానే. అదే వ్యాసం చివర, సత్యం నడక మొదలుపెట్టింది, దాన్ని ఏదీ ఆపలేదు అన్న వాక్యం ఉంది. పది రోజుల్లో మరో రెండు వ్యాసాలు వచ్చాయి. ఫిగారో చందాదారులు తిరగబడ్డారు, పత్రిక జోలాకు తలుపులు మూసింది. జోలా అప్పుడు కరపత్రాలకు దిగాడు: డిసెంబరులో యువతకు లేఖ, జనవరి మొదట్లో ఫ్రాన్సుకు లేఖ. 1898 జనవరి 11న సైనిక న్యాయస్థానం ఎస్తెరాజీని ఏకగ్రీవంగా నిర్దోషిగా వదిలేసింది. రెండు రోజుల తర్వాత, జనవరి 13న, కొత్తగా పుట్టిన లోరోర్ పత్రిక మొదటి పేజీ నిండా దేశాధ్యక్షుడు ఫెలిక్స్ ఫోర్‌కు జోలా రాసిన బహిరంగ లేఖ వచ్చింది. "నేను నేరం మోపుతున్నాను" అన్న శీర్షిక పెట్టింది పత్రిక రాజకీయ రచయిత క్లెమాన్సో. ఆ మాటను జోలా లేఖ చివరి భాగం నుంచే తీసుకున్నాడు. మామూలు అమ్మకానికి ఎన్నో రెట్లు, రెండు మూడు లక్షల ప్రతులు ఆ రోజు అమ్ముడుపోయాయి.

ఈ లేఖ ఆవేశంతో కూడిన ప్రసంగం అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చట్టాన్ని దగ్గర పెట్టుకుని కట్టిన పత్రం. చివరి భాగంలో ఒక్కో వాక్యం "నేను నేరం మోపుతున్నాను" అని మొదలై ఒక్కో మనిషిని పేరు పెట్టి పట్టుకుంటుంది: డ్రేఫస్ మీద దర్యాప్తు జరిపిన అధికారి దు పాతీ ద క్లామ్, జనరల్ మెర్సియే, జనరల్ బిల్లో, జనరల్ బ్వాదెఫ్ర్, జనరల్ గొంజ్, జనరల్ పెల్లియూ, మేజర్ రవారీ, ముగ్గురు చేతిరాత నిపుణులు, యుద్ధ మంత్రిత్వ కార్యాలయాలు, రెండు సైనిక న్యాయస్థానాలు. ఆ వెంటనే, ఈ ఆరోపణల వల్ల 1881 జులై 29 నాటి పత్రికా చట్టంలోని 30, 31 సెక్షన్ల కింద పరువునష్టం నేరానికి గురవుతానని తనకు తెలుసనీ, కావాలనే గురవుతున్నాననీ రాశాడు. సైనిక న్యాయస్థానం మూసిన తలుపుల వెనక నడుస్తుంది. పరువునష్టం కేసు పౌర న్యాయస్థానంలో, జూరీ ఎదుట, పత్రికల వాళ్ల ఎదుట నడుస్తుంది. ఆ తలుపు తెరిపించడానికి ఎవరో ఒకరు ముద్దాయిగా నిలబడాలి, తనే నిలబడ్డాడు. లేఖలో తప్పులు లేకపోలేదు. పత్రాలను ఫోర్జరీ చేసిన కర్నల్ ఆన్రీ పాత్ర జోలాకు అప్పటికి తెలియదు, అందువల్ల దు పాతీ మీద మోయలేనంత భారం వేశాడు. అయినా లేఖ పని చేసింది, ఎందుకంటే అందులోని ప్రతి ఆరోపణ రుజువుకో ఖండనకో లొంగేదే.

ప్రభుత్వం ఆ ఎత్తును గ్రహించింది. మొత్తం లేఖ మీద కాకుండా, ఎస్తెరాజీని ఆజ్ఞ మేరకే వదిలిపెట్టారన్న కొన్ని పంక్తుల మీద మాత్రమే కేసు పెట్టింది. ఫిబ్రవరి 7 నుంచి 23 వరకు విచారణ సాగింది. న్యాయవాది లాబోరి డ్రేఫస్ ప్రస్తావన తెచ్చినప్పుడల్లా న్యాయమూర్తి దెలెగోర్గ్ ఆ ప్రశ్న వేయడానికి వీల్లేదని అడ్డుకున్నాడు. ఆ మాట ఊరంతా ఊతపదమైపోయింది. జోలాకు ఏడాది జైలు, 3000 ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. కాని ఆ విచారణలోనే జనరల్ పెల్లియూ తొందరపడి, డ్రేఫస్ దోషి అనడానికి తిరుగులేని రుజువు ఉందంటూ ఒక రహస్య పత్రాన్ని బయటపెట్టాడు. జులైలో యుద్ధ మంత్రి కవెన్యాక్ దాన్నే పార్లమెంటులో చదివాడు. ఆగస్టులో అది నకిలీ అని తేలింది. ఆన్రీ ఒప్పుకుని జైలు గదిలో గొంతు కోసుకున్నాడు. జోలా వేసిన పాచిక ఆరు నెలలకు పారింది. ఆ వరస లేకపోతే 1899 పునర్విచారణా, 1906లో డ్రేఫస్ నిర్దోషిగా తేలడమూ ఊహించుకోలేం.

దీనికి జోలా చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1898 జులైలో వెర్సాయ్‌లో మళ్లీ జరిగిన విచారణలో రెండోసారి శిక్ష పడిన రాత్రే లండన్‌కు వెళ్లిపోయి, మారుపేర్లతో దాదాపు ఏడాది గడిపాడు. అతని లీజియన్ ఆఫ్ ఆనర్ బిరుదును నిలిపివేశారు. ఎన్నిసార్లు దరఖాస్తు పెట్టినా అందని ఫ్రెంచ్ అకాడమీ సభ్యత్వం ఇక ఎప్పటికీ అందకుండా పోయింది. ఎప్పుడో చనిపోయిన తండ్రి మీద పత్రికలు బురద చల్లాయి. చేతిరాత నిపుణులు గెలిచిన నష్టపరిహారం కోసం ఇంట్లో సామాన్లు వేలానికి పెడితే, ప్రచురణకర్త ఫాస్కెల్ మొదటి పాటలోనే ఒక్క బల్లను మొత్తం సొమ్ముకు పాడి వేలం ఆపించాడు. 1902 సెప్టెంబరు 29న ఇంట్లో పొగ గొట్టం మూసుకుపోయి, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుతో జోలా చనిపోయాడు. అంత్యక్రియల్లో నవలాకారుడు అనటోల్ ఫ్రాన్స్ అతన్ని మానవాళి అంతరాత్మలో ఒక ఘట్టంగా కీర్తించాడు. దెనాన్ నుంచి వచ్చిన గని కార్మికులు "జెర్మినాల్! జెర్మినాల్!" అని నినదిస్తూ నడిచారు. వాళ్లకు జోలా డ్రేఫస్ లేఖ రాసినవాడు మాత్రమే కాదు, తమ ఇళ్లలోకి వచ్చి తమ పొయ్యిలు చూసిన మనిషి.

లేఖ వచ్చిన మర్నాడే లోరోర్‌లో పునర్విచారణ కోరుతూ సంతకాల ప్రకటన వెలువడటం మొదలైంది. అందులో అనటోల్ ఫ్రాన్స్, పాస్చర్ సంస్థ డైరెక్టర్ ఎమీల్ ద్యుక్లో వంటి పెద్దలూ, మార్సెల్ ప్రూస్ట్ వంటి పాతికేళ్ల యువకులూ ఉన్నారు. చాలామంది తమ పేరు పక్కన డిగ్రీలూ ఉద్యోగాలూ రాశారు. వీళ్లను క్లెమాన్సో ప్రశంసగా మేధావులు అన్నాడు, నవలాకారుడు మోరిస్ బారెస్ ఫిబ్రవరి 1న అదే మాటను ఎగతాళిగా వాడాడు. బారెస్ కూడా నవలల పరపతినే ఖర్చుపెట్టాడని మరచిపోకూడదు. ఆ పరపతి యూదు ద్వేషానికి ఉపయోగపడింది. ప్రజామేధావి స్థానం దానంతట అది మంచిది కాదని ఆ ఒక్క పేరు చాలు చెప్పడానికి.

ఎదుటిపక్షం వేసిన ప్రశ్నల్లో గట్టిది సాహిత్య విమర్శకుడు బ్రునెతియేర్‌ది. సైనిక న్యాయంలో ఒక నవలాకారుడు జోక్యం చేసుకోవడం, కాల్పనికోద్యమ మూలాల మీద ఒక పోలీసు కర్నల్ తీర్పు చెప్పడం లాంటిదని అతని ఆక్షేపణ. ఈ ఆక్షేపణ నేటికీ వినిపిస్తుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. సామాజిక శాస్త్రవేత్త ద్యుర్కైమ్ అదే ఏడాది ఇచ్చిన జవాబు నాకు సరైనదనిపిస్తుంది: కళాకారులూ శాస్త్రజ్ఞులూ ఒక తీర్పును సందేహిస్తున్నది తమ విద్యలో ప్రత్యేక జ్ఞానం వల్ల కాదు, తర్కం వాడే హక్కున్న మనుషులుగానే; తమ వృత్తి వాళ్లకు నేర్పిందల్లా తగిన ఆధారం చూడనిదే తీర్పుకు లొంగకపోవడం. దానికి నేను ఒకటి కలుపుతాను. నవలాకారుడు సైన్యం గురించి మాట్లాడేటప్పుడు అతని మాటకు విలువ ఇచ్చేది అతని శైలి కాదు, అతను చదివిన కాగితాలు. కాగితాలు చదవకుండా మాట్లాడిన నవలాకారుడికి బ్రునెతియేర్ మాట అక్షరాలా వర్తిస్తుంది.

ఇదంతా ఫ్రాన్సులోనే ఎందుకు అంత బలంగా జరిగిందంటే, కొన్ని ఏర్పాట్లు ఒక్కచోట కలిశాయి. ప్రభుత్వం, పార్లమెంటు, న్యాయస్థానాలు, పత్రికలు, ప్రచురణ సంస్థలు అన్నీ ప్యారిస్‌లో నడిచి వెళ్లే దూరంలో ఉన్నాయి. 1881 చట్టం పత్రికలకు పెద్ద స్వేచ్ఛ ఇచ్చింది. నవలలు దినపత్రికల్లోనే సీరియల్‌గా వచ్చేవి. అంటే వార్త చదివే పాఠకుడూ నవల చదివే పాఠకుడూ ఒకే మనిషి, ఒకే కాగితం. 1903 నుంచి గొంకూర్ అనే సాహిత్య బహుమతి ఏటా నవలను మొదటి పేజీ వార్తగా మార్చింది. పాఠశాలలు వోల్టేర్‌నూ హ్యూగోనూ పిల్లలకు బోధించి, రచయిత అంటే ఇలాంటి పని కూడా చేయాల్సినవాడన్న అంచనాను తరం నుంచి తరానికి అందించాయి.

వేదిక లేకపోతే ఏమవుతుందో నవలాకారుడు రొమా రోలా ఉదంతం చూపిస్తుంది. తెలుగు పాఠకుల్లో చాలామందికి గాంధీజీ మీద 1924లో పుస్తకం రాసినవాడిగా అతను తెలుసు. 1914 సెప్టెంబరులో యుద్ధోన్మాదానికి వ్యతిరేకంగా అతను రాసిన వ్యాసం స్విట్జర్లాండ్ పత్రికలో అచ్చయింది. ఫ్రాన్సులో సైనిక సెన్సారు నడుస్తోంది. అక్కడి జనంలో చాలామంది అతని వ్యాసం చదవకముందే అతని మీద వచ్చిన తిట్లు చదివారు. 1915 నోబెల్ బహుమతి కూడా స్వదేశంలో అతనికి వినేవాళ్లను తెచ్చిపెట్టలేకపోయింది.

ఆంద్రే జీద్ ఉదంతం దీనికి భిన్నమైనది. 1925లో ఫ్రెంచ్ ఏలుబడిలోని కాంగోకు ప్రయాణమయ్యేనాటికి అతనికి యాభై అయిదేళ్లు. వ్యక్తిగత నైతికత, కోరిక, మతం చుట్టూ తిరిగే నవలలు రాసిన సంపన్నుడు. రాజకీయం అతని దారి కాదు. రబ్బరు సేకరించే హక్కు పొందిన కంపెనీల ప్రాంతంలో అతను విన్నదీ చూసినదీ రోజూ డైరీలో రాసుకున్నాడు. బంబియో అనే చోట, నెలకు సరిపడా రబ్బరు తేలేదని పదిమంది సేకర్తలను ఎండలో బరువైన దూలాలు మోయిస్తూ కంపెనీ భవనం చుట్టూ తిప్పారు. పడిపోతే కొట్టి లేపారు. వాళ్లలో ఒకడు చనిపోయాడు. ఈ సంగతులు తెలిశాక ఊరుకోలేనని జీద్ రాసుకున్నాడు. గవర్నరుకు ఉత్తరం రాశాడు. 1927లో వచ్చిన ప్రయాణ గ్రంథంలో అధికారిక నివేదికలనూ ఉత్తరాలనూ అనుబంధాలుగా చేర్చాడు. కంపెనీలు బుకాయించాయి, విషయం పార్లమెంటుకు చేరింది. 1936లో సోవియట్ యూనియన్‌కు అతిథిగా వెళ్లి వచ్చి, చూసినదాన్ని మెచ్చుకోలేనని రాసినప్పుడు, నిన్నటి మిత్రులే అతన్ని ద్రోహి అన్నారు. రెండు సందర్భాల్లోనూ జీద్ చేసింది ఒక్కటే: ఎవరు సంతోషిస్తారన్న లెక్క వేసుకోకుండా, చూసినది చూసినట్టు రాయడం.

1945 అక్టోబరులో తత్వవేత్త, నవలాకారుడు జాన్-పాల్ సార్త్ర్ తన పత్రిక లే తాం మొదెర్న్ మొదటి సంచికలో, కలాస్ కేసు వోల్టేర్ పనా, డ్రేఫస్ శిక్ష జోలా పనా, కాంగో పాలన జీద్ పనా అని అడిగాడు. అప్పటికి ఇది ఒక పరంపర అని అందులో ఉన్నవాళ్లకే తెలిసిపోయింది. సార్త్ర్ దాన్ని సిద్ధాంతంగా మార్చాడు. ఆ మార్పులో లాభం ఉంది, నష్టమూ ఉంది. 1960 సెప్టెంబరులో ఫ్రాన్సు నుంచి స్వాతంత్ర్యం కోరిన అల్జీరియాలో జరుగుతున్న యుద్ధానికి వెళ్లబోమన్న యువకుల హక్కును సమర్థిస్తూ 121 మంది సంతకం చేసిన ప్రకటన వల్ల, ఉద్యోగాలు ప్రమాదంలో పడ్డవాళ్లున్నారు, ప్రభుత్వ రేడియో నుంచి వెలివేయబడ్డవాళ్లున్నారు. అది జోలా బాటలోనిదే. కాని ప్రపంచంలో జరిగే ప్రతిదానిమీదా ప్రకటన ఇవ్వడం అలవాటైతే కాగితాలు చదివే తీరిక ఉండదు. సార్త్ర్ మీద ఎంత గౌరవమున్నా, సోవియట్ వ్యవహారాల్లో అతను చెప్పినవాటిలో కొన్ని జీద్ 1936లోనే చూసి వచ్చినదాన్ని చూడకపోవడమేనని అనక తప్పదు.

కాథలిక్ బూర్జువా పాఠకుల అభిమాన నవలాకారుడైన ఫ్రాన్స్వా మోరియాక్ 1952లో నోబెల్ అందుకున్నాడు. ఆ వెనువెంటనే ఫ్రెంచ్ ఏలుబడిలోని మొరాకో ప్రజల మీద జరిగిన అణచివేతను తలకెత్తుకుని, తన పాఠకుల ఆగ్రహాన్నే ఎదుర్కొని, తన కాలమ్‌ను లెక్స్‌ప్రెస్ వారపత్రికకు తీసుకుపోయాడు. బహుమతి ఇచ్చిన పరపతిని ఎలా వాడవచ్చో చూడాలంటే సార్త్ర్ కన్నా మోరియాక్ మంచి ఉదాహరణ అని నా అభిప్రాయం, ఎందుకంటే పోగొట్టుకోవడానికి అతని దగ్గర సొంత వర్గమే ఉంది.

అల్జీరియాలో పుట్టిన ఫ్రెంచ్ నవలాకారుడు ఆల్బెర్ కామూ దగ్గర క్రమం తలకిందులైంది. నవల రాకముందే, 1939 జూన్‌లో, అల్జే రిపబ్లికాన్ పత్రికకు విలేకరిగా అల్జీరియాలోని కబీలియా కొండల్లో తిరిగి కరువు మీద వరస కథనాలు రాశాడు. తీజీ-ఊజూలో ఒక తెల్లవారుజామున చింపిరి గుడ్డల పిల్లలు చెత్తకుండీలోని తిండి కోసం కుక్కలతో పోటీపడటం చూశానని అందులో ఉంది. దాని పక్కనే కూలి రేట్లూ, పని గంటలూ, ధాన్యం పంపిణీ లెక్కలూ ఉన్నాయి. 1945 ఆగస్టు 8న, హిరోషిమా వార్తకు పత్రికలన్నీ విజ్ఞాన విజయంగా హారతి పడుతున్నప్పుడు, కొంబా పత్రిక సంపాదకీయంలో యంత్ర నాగరికత అనాగరికతలో చివరి మెట్టు చేరిందని రాశాడు. అలాంటివాడు తన సొంత నేల అల్జీరియా దగ్గరకు వచ్చేసరికి ఇరుక్కుపోయాడు. 1956 జనవరి 22న అల్జీర్స్ వెళ్లి, కనీసం పౌరులను చంపకుండా ఇరుపక్షాలూ ఒప్పుకోవాలని వేడుకున్నాడు. సభ బయట, అల్జీరియాలో స్థిరపడిన తన ఫ్రెంచ్ జాతివాళ్లే చంపుతామని అరిచారు. ఆ తర్వాత మరణశిక్ష పడ్డవాళ్ల కోసం లోపల్లోపల ఉత్తరాలు రాశాడు గాని బహిరంగంగా దాదాపు మౌనం పాటించాడు. ఆ మౌనాన్ని పిరికితనమన్నవాళ్లున్నారు. నేను అలా అనను. జోలాకు డ్రేఫస్ ఎవరో తెలియదు; కామూకు అల్జీర్స్‌లో తల్లి ఉంది. వ్యవహారం తన ఇంటిదే అయినప్పుడు ప్రజామేధావి స్థానం ఒక మనిషి మోయగలిగినదానికన్నా బరువెక్కుతుంది.

ఇప్పటి సంగతికి వస్తే రచయిత్రి అనీ ఎర్నో గురించి చెప్పాలి. నార్మండీలో చిన్న కాఫీ అంగడి, కిరాణా కొట్టు నడిపిన దంపతుల కూతురు, ఉపాధ్యాయురాలు. గర్భస్రావం నేరంగా ఉన్న 1963–64 శీతాకాలంలో విద్యార్థినిగా తాను పడ్డ పాట్లను 2000లో ఒక చిన్న పుస్తకంగా రాసింది: ఏ వైద్యుడు ఏమన్నాడు, ఎంత సొమ్ము అడిగారు, ఏ వీధిలో ఏ అంతస్తు. అక్కడ సాక్షీ, పత్రమూ, నిందితురాలూ ఆమే. 2022 అక్టోబరులో నోబెల్ ప్రకటన వచ్చిన పది రోజులకు ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా ప్యారిస్‌లో జరిగిన ఊరేగింపులో ఆమె ముందు వరసలో నడిస్తే టెలివిజన్ అంతా ఆ దృశ్యమే చూపించింది. ఆమెను ప్రజామేధావిని చేసింది ఆ ఊరేగింపు కాదు, ఇరవై రెండేళ్ల ముందు వచ్చిన ఆ చిన్న పుస్తకం. టెలివిజన్ పేరున్నవాళ్ల ముఖాన్ని ఇంటింటికీ చేర్చగలదు. చర్చా వేదికల్లో రోజూ కనిపించే నవలాకారులు ఫ్రాన్సులో ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరి మాట నిలుస్తుందో తెలుసుకోవాలంటే ఎన్నిసార్లు కనిపించారని కాకుండా, ఏ ఒక్క వ్యవహారంలో ఆధారాలతో సహా పేరు పెట్టి మాట్లాడారు, దానికి ఏం పోగొట్టుకున్నారు అని అడగండి.

మీరు ఇంకా చదవాలనుకుంటే 1897 నవంబరు 25 నాటి ఫిగారో వ్యాసం నుంచి 1898 జనవరి 13 నాటి లేఖ వరకు జోలా రాసిన ఆరింటినీ తేదీల వరసలో చదవండి. మొదటి వ్యాసంలో పాత్రలను చూసి ఉప్పొంగిన నవలాకారుడు, ఏడు వారాల్లో సెక్షన్ల సంఖ్యలతో సహా తన మీద తానే కేసు రాసుకునే మనిషిగా ఎలా మారాడో అందులో వాక్యం వాక్యంగా కనిపిస్తుంది. తర్వాత జీద్ కాంగో పుస్తకంలోని అనుబంధాలను తీయండి. చాలామంది వాటిని దాటేస్తారు గాని కంపెనీలను గడగడలాడించింది ఆ పేజీలే.